పీ అండ్ ఐడీ గుర్తులను రెవిట్ మోడల్‌లోని భాగాలతో జతపరచడం ఎలా?

పీ అండ్ ఐడీ, అంటే పైపులను, వాల్వులను, పరికరాలను గుర్తులతో చూపే పైపింగ్ పటం చేతికి వచ్చాక మోడల్ పని మొదలుపెట్టే వారు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: పటంలో గుర్తు కనిపిస్తోంది, లైబ్రరీలో వాల్వులు కూడా ఉన్నాయి, కానీ ఈ గుర్తుకు ఈ వాల్వే సరైనదని దేన్నిబట్టి తేల్చుకోవాలి? ఆ ప్రశ్నకు జవాబును ఇక్కడ వరుస దశల్లో రాస్తున్నాను. ఉదాహరణలు 3డీ మోడల్ తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లోవి. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారికి మెనూల పేర్లు మారతాయి గానీ, పని చేయాల్సిన వరుస మారదు.

దశల్లోకి వెళ్ళే ముందు ఒక్క విషయం స్పష్టం చేసుకోండి. గుర్తు ఆకారం భాగం రకాన్ని మాత్రమే చెబుతుంది. దాని సైజు, ప్రెజర్ క్లాసు, చివరల రకం, లోహం వంటి మిగతా వివరాలన్నీ ఆ గుర్తు కూర్చున్న లైను నంబరులోనూ, పైపింగ్ స్పెసిఫికేషన్‌లోనూ ఉంటాయి. అందుకే "ఈ గుర్తుకు ఈ ఫ్యామిలీ" అని (ఫ్యామిలీ అంటే రెవిట్‌లో ఒక రకం భాగానికి నమూనా, దానిలోని ఒక్కో రూపం టైపు) రెండు గడుల పట్టిక రాసుకున్నవారికి సగం పనే పూర్తవుతుంది. మిగిలిన సగం తప్పుల రూపంలో తర్వాత బయటపడుతుంది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- పీ అండ్ ఐడీ తాజా రివిజన్, అన్ని షీట్లు, వాటితోపాటు గుర్తుల అర్థాలు చెప్పే లెజెండ్ షీటు. లెజెండ్ లేకుండా పని మొదలుపెట్టకండి.
- వీలైతే బ్లాకులు (ఒకే వస్తువుగా ఉండే గుర్తులు) పగలగొట్టని డీడబ్ల్యూజీ ఫైలు, అంటే ఆటోకాడ్ ఫైలు. పీడీఎఫ్ ఒక్కటే ఉంటే పని జరుగుతుంది గానీ, లెక్క చేతితో చేసుకోవాలి.
- లైన్ లిస్ట్, వాల్వ్ లిస్ట్, ఇన్‌స్ట్రుమెంట్ లిస్ట్.
- పైపింగ్ స్పెసిఫికేషన్, అంటే ఏ సర్వీసులో ఏ సైజుకు ఏ రకం వాల్వు వాడాలో చెప్పే పత్రం.
- మీ సంస్థ ఫ్యామిలీ లైబ్రరీ, షేర్డ్ పారామీటర్ల (అన్ని ఫ్యామిలీలకూ ఉమ్మడిగా వాడే వివరాల గడుల) ఫైలు.
- ఎక్సెల్ వంటి ఒక స్ప్రెడ్‌షీట్.
- మోడల్‌లో ఎంత చిన్న భాగం వరకు చూపించాలో చెప్పే బిమ్ ఎగ్జిక్యూషన్ ప్లాన్. డ్రెయిన్ ప్లగ్గు, గేజీ కాక్ వంటివి మోడల్ చేయాలా వద్దా అన్న వాదన మధ్యలో రాకుండా ఇది కాపాడుతుంది.

1. లెజెండ్‌ను ఆధారంగా తీసుకోండి, జ్ఞాపకాన్ని కాదు

గుర్తులకు ఐఎస్ఏ 5.1, ఐఎస్ఓ 14617, ఐఎస్ఓ 10628 వంటి ప్రమాణాలు ఉన్నా, ప్రతి డిజైన్ సంస్థా వాటిలో ఎంతో కొంత మార్పు చేసుకుంటుంది. కొనలు తాకుతూ ఎదురెదురుగా ఉన్న రెండు త్రిభుజాలు ఒక సంస్థ పటంలో గేట్ వాల్వు, మరొక సంస్థ పటంలో ఏ రకమో చెప్పని సాధారణ వాల్వు. ఆ త్రిభుజాల మధ్య నల్లని చుక్క ఉంటే గ్లోబ్ వాల్వు, ఖాళీ వృత్తం ఉంటే బాల్ వాల్వు అని చాలామంది గీస్తారు. అయినా దాన్ని లెజెండ్‌తో పోల్చి చూసిన తర్వాతే పట్టికలోకి ఎక్కించండి.

లెజెండ్‌లో ఉన్న ప్రతి గుర్తుకూ ఒక చిన్న కోడు ఇవ్వండి. లెజెండ్‌లో లేకుండా షీట్లలో మాత్రం కనిపించే గుర్తులకు విడిగా జాబితా రాసి డిజైనరును లిఖితపూర్వకంగా అడగండి. ఈ జాబితా ఖాళీగా ఉండడం అరుదు. ఒకవేళ ఖాళీగా ఉంటే షీట్లను మరొకసారి చూడమనే నా సలహా.

హెచ్చరిక: త్రిభుజాలు రెండూ నలుపుతో నిండి ఉంటే అది చాలా లెజెండ్‌లలో మామూలుగా మూసి ఉంచే వాల్వు అని అర్థం. ఇది వాల్వు స్థితి మాత్రమే, వాల్వు రకం కాదు. దీనికోసం కొత్త ఫ్యామిలీ తయారుచేయకండి. "సాధారణ స్థితి" అనే ఇన్‌స్టెన్స్ పారామీటరులో (మోడల్‌లోని ఆ ఒక్క భాగానికే చెందే గడిలో) రాస్తే చాలు. విద్యుత్తు గానీ గాలి గానీ ఆగిపోయినప్పుడు కంట్రోల్ వాల్వు తెరుచుకోవాలా మూసుకోవాలా అని చెప్పే ఎఫ్‌ఓ, ఎఫ్‌సీ అక్షరాలకూ ఇదే పద్ధతి.

2. గుర్తులను నాలుగు కుప్పలుగా విడదీయండి

ప్రతి గుర్తుకూ మోడల్‌లో ఒక భాగం ఉంటుందనుకోవడం వల్లే ఎక్కువ గందరగోళం పుడుతుంది. కాబట్టి మ్యాపింగ్‌కు ముందే ఈ విభజన చేసుకోండి.

మొదటి కుప్పలో ఒక గుర్తుకు ఒక భాగం చొప్పున కుదిరేవి ఉంటాయి: గేట్ వాల్వు, చెక్ వాల్వు, వై స్ట్రెయినర్, పంపు. వీటితో ఇబ్బంది లేదు.

రెండవ కుప్పలో ఒక గుర్తుకు చాలా భాగాలు ఉంటాయి. పటంలో ప్రెజర్ గేజీ ఒక చిన్న వృత్తంగా కనిపిస్తుంది. ఇన్‌స్ట్రుమెంటు అమరికను చూపే హుక్ అప్ డ్రాయింగ్ తీసి చూస్తే దాని కింద ఒక రూట్ వాల్వు, స్టీమ్ లైను అయితే ఒక సైఫన్ గొట్టం కూడా ఉంటాయి. "టిపికల్ డీటెయిల్ చూడండి" అని రాసి ఉన్న ప్రతి గుర్తూ ఈ కుప్పలోనిదే.

మూడవ కుప్పలో చాలా గుర్తులకు కలిపి ఒకే భాగం ఉంటుంది. ఫ్యాక్టరీలోనే అమర్చి వచ్చే పంప్ స్కిడ్ చుట్టూ పటంలో ముక్కలు ముక్కలుగా ఉండే గీత గీసి, లోపల వాల్వులనూ గేజీలనూ చూపిస్తారు. మోడల్‌లో స్కిడ్ మొత్తం ఒకే ఎక్విప్‌మెంట్ ఫ్యామిలీ. లోపలి వాల్వులను విడిగా మోడల్ చేస్తే కొనుగోలు జాబితాలో వాటి లెక్క రెండుసార్లు పడుతుంది.

నాలుగవ కుప్పలో మోడల్‌లో అసలు ఉండకూడనివి ఉంటాయి: వేరే షీటుకు కొనసాగింపు చూపే బాణాలు, సిగ్నల్ గీతలు, స్పెసిఫికేషన్ మారే చోటును చూపే గుర్తు, వాలు గుర్తు. అయితే స్పెసిఫికేషన్ మారే చోటును నిర్లక్ష్యం చేయకండి. అక్కడ భాగం ఉండదు గానీ, పైపు టైపు మాత్రం మారాలి.

ఇన్‌స్ట్రుమెంట్ వృత్తాల విషయంలో ఈ విభజన మరింత అవసరం. ఐఎస్ఏ పద్ధతిలో గీత లేని ఉత్త వృత్తం ఫీల్డులో ఉండే పరికరాన్ని సూచిస్తుంది. వృత్తం మధ్యలో అడ్డగీత ఉంటే అది ప్రధాన కంట్రోల్ ప్యానెల్ మీద ఉంటుంది. చతురస్రంలో వృత్తం ఉంటే అది కంట్రోల్ సిస్టమ్ తెర మీద కనిపించేది. 101వ నంబరు ఉష్ణోగ్రత లూపును తీసుకుందాం. అందులో టీఈ 101 అనే సెన్సరు, టీటీ 101 అనే ట్రాన్స్‌మిటరు, టీఐసీ 101 అనే కంట్రోలరు, టీవీ 101 అనే వాల్వు ఉంటాయి. పైపు మీద కూర్చునేవి సెన్సరు, వాల్వు మాత్రమే. ట్రాన్స్‌మిటరు సెన్సరు తల మీదే ఉంటుందో, పక్కన స్టాండు మీద ఉంటుందో హుక్ అప్ డ్రాయింగ్ చూసి తేల్చుకోవాలి. చతురస్రంలో ఉన్న టీఐసీకి పైపింగ్ మోడల్‌లో చోటు లేదు.

3. పటం నుంచి జాబితా తీయండి

డీడబ్ల్యూజీ ఫైలు ఉంటే ఆటోకాడ్‌లోని డేటా ఎక్స్‌ట్రాక్షన్ కమాండుతో బ్లాకు పేరు, ట్యాగు (ఆ భాగం గుర్తింపు నంబరు), సైజు, లైను నంబరు, షీటు నంబరు ఒక పట్టికగా బయటికి తీయవచ్చు. తీసిన వెంటనే ఒక షీటులోని వాల్వులను కంటితో లెక్కపెట్టి పట్టికతో పోల్చండి. లెక్క తక్కువ వస్తే ఎవరో బ్లాకును పగలగొట్టి గీతలుగా మార్చారన్నమాట. అలాంటివి ఏ కమాండుకూ దొరకవు. లెక్క ఎక్కువ వస్తే ఆపివేసిన లేయరులో పాత గుర్తులు మిగిలి ఉన్నాయేమో చూడండి.

పీడీఎఫ్ మాత్రమే ఉంటే ఒక్కో లైనును మొదటి నుంచి చివరి వరకు పట్టుకుని, దాటిన గుర్తు మీద రంగు పూస్తూ జాబితా రాయండి. షీటు ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోవద్దు. లైను వెంట రాసిన జాబితాలో భాగాల క్రమం కూడా నమోదవుతుంది, ఆ క్రమం తనిఖీలో పనికివస్తుంది.

హెచ్చరిక: ఎక్సెల్ మీ ట్యాగులను తన ఇష్టప్రకారం మార్చేస్తుంది. 014 అని ఉన్నది 14 అవుతుంది, 3-4 అని ఉన్నది తేదీగా మారిపోతుంది. అంగుళాల్లో 1/2 అని రాసిన సైజుకూ అదే గతి. డేటా అతికించే ముందే ఆ నిలువు వరుసల ఫార్మాటును టెక్స్ట్‌గా మార్చండి. ఒకసారి తేదీగా మారిపోయాక ఫార్మాటు తిరిగి మార్చినా పాత విలువ రాదు.

4. మ్యాపింగ్ పట్టిక రాయండి

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన దశ ఇదే. పట్టికలో కనీసం ఈ గడులు ఉండాలి: గుర్తు కోడు, లైను స్పెసిఫికేషన్, సైజు పరిధి, ఫ్యామిలీ పేరు, టైపు పేరు, రెవిట్ క్యాటగిరీ, చివరల రకం, దిశ ముఖ్యమా కాదా, ఐఎఫ్‌సీ (మోడల్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌లకు పంపే ఉమ్మడి ఫైలు పద్ధతి) క్లాసు, రివిజన్. మొదటి మూడు గడులూ కలిసి ఒక తాళంచెవిలా పనిచేయాలి. ఆ మూడూ తెలిస్తే టైపు ఒక్కటే తేలాలి. రెండు టైపులు తేలుతున్నాయంటే పట్టికలో ఇంకో గడి అవసరం ఉందని అర్థం.

పటంలో కేవలం "ఐసొలేషన్ వాల్వు" అనే ఒకే గుర్తు (కోడు ఐవీ) ఉన్న ప్రాజెక్టును ఊహించుకోండి. స్పెసిఫికేషన్ చదివితే ఆ ఒక్క గుర్తు ఇలా మూడు వరుసలవుతుంది.

- ఐవీ గుర్తు, చల్లనీటి (చిల్డ్ వాటర్) స్పెక్ ఏ1, 15 నుంచి 50 మి.మీ.: బాల్ వాల్వు, థ్రెడెడ్ చివరలు.
- ఐవీ గుర్తు, చల్లనీటి స్పెక్ ఏ1, 65 నుంచి 300 మి.మీ.: బటర్‌ఫ్లై వాల్వు, లగ్ రకం.
- ఐవీ గుర్తు, స్టీమ్ స్పెక్ బీ2, అన్ని సైజులు: గ్లోబ్ వాల్వు, ఫ్లాంజి చివరలు.

ఈ తేడాకు ఇంత పట్టింపు ఎందుకో కొలతలు చూస్తే తెలుస్తుంది. డీఎన్ 150 (నామినల్ సైజు 150 మి.మీ.) సైజులో ఈఎన్ 558 ప్రమాణం సిరీస్ 20 ప్రకారం వేఫర్ లేదా లగ్ బటర్‌ఫ్లై వాల్వు ముఖాల మధ్య పొడవు 56 మి.మీ. అదే సైజు క్లాస్ 150 ఫ్లాంజి గేట్ వాల్వుకు ఏఎస్ఎంఈ బీ16.10 ప్రకారం 267 మి.మీ., గ్లోబ్ వాల్వుకు 406 మి.మీ. అంటే గుర్తు సరిగా చదవక బటర్‌ఫ్లై పెట్టిన చోట నిజానికి గ్లోబ్ వాల్వు రావాల్సి ఉంటే, ఒక్క వాల్వు దగ్గరే 350 మి.మీ. చోటు కరువవుతుంది. పంపు డిశ్చార్జి నుంచి హెడరు (ఉమ్మడి పెద్ద పైపు) వరకు ఉన్న కాస్త ఎత్తులో ఆ చోటు దొరకదు.

క్యాటగిరీల విషయంలో రెవిట్ విభజనను పాటించండి. వాల్వులు, స్ట్రెయినర్లు, పైపులో కూర్చునే మీటర్లు పైప్ యాక్సెసరీస్ కిందికి వస్తాయి. ఎల్బో, టీ, రిడ్యూసరు పైప్ ఫిట్టింగ్స్ కిందికి, పంపు, హీట్ ఎక్స్‌ఛేంజరు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మెకానికల్ ఎక్విప్‌మెంట్ కిందికి వస్తాయి. తయారీదారుల వెబ్‌సైట్ల నుంచి దించుకున్న ఫ్యామిలీల్లో వాల్వును జెనరిక్ మోడల్ క్యాటగిరీలో పెట్టినవి కనిపిస్తుంటాయి. అవి చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ పైప్ యాక్సెసరీ షెడ్యూలులో, అంటే రెవిట్ తయారుచేసే లెక్క పట్టికలో, లెక్కకు రావు.

5. ఫ్యామిలీలను సిద్ధం చేయండి

పట్టికలో పేర్కొన్న ప్రతి ఫ్యామిలీనీ ప్రాజెక్టులోకి తెచ్చే ముందు ఫ్యామిలీ ఎడిటర్‌లో తెరచి ఈ నాలుగు అంశాలు చూడండి.

మొదటిది పార్ట్ టైప్. వాల్వుకు "వాల్వ్ బ్రేక్స్ ఇంటూ" అని ఉంటే, ఉన్న పైపు మీద పెట్టగానే పైపు తెగి రెండు చివరలూ దానికి కలుస్తాయి. ఇది సరిగా లేకపోతే వాల్వు పైపు మీద ఊరికే ఆనుకుని ఉంటుంది, కలవదు.

రెండవది కనెక్టర్లు, అంటే ఫ్యామిలీలో పైపు కలిసే చోట్లు. వాల్వు కనెక్టరు సిస్టమ్ క్లాసిఫికేషన్ గ్లోబల్‌గా ఉంటే అది ఏ సిస్టమ్‌కైనా కలుస్తుంది. డొమెస్టిక్ కోల్డ్ వాటర్ (ఇంటి వాడుక నీరు) అని పెట్టిన వాల్వును చల్లనీటి (చిల్డ్ వాటర్) లైనులో వాడితే సిస్టమ్ విషయంలో చిక్కులు వస్తాయి. రెండు కనెక్టర్లూ ఒకదానితో ఒకటి లింకు అయి ఉన్నాయో లేదో కూడా చూడండి.

మూడవది సైజు పారామీటరు, దీని దగ్గర కాస్త ఆగాలి. కనెక్టరు వ్యాసం ఇన్‌స్టెన్స్ పారామీటరుకు ముడిపడి ఉంటే, వాల్వును పైపు మీద పెట్టగానే అది చడీచప్పుడు లేకుండా పైపు సైజుకు మారిపోతుంది. ఐసొలేషన్ వాల్వులకు ఇది సౌకర్యమే. కంట్రోల్ వాల్వు మాత్రం చాలాసార్లు లైను కన్నా ఒకటి రెండు సైజులు చిన్నదిగా ఎంపికై, రెండు వైపులా రిడ్యూసర్లతో కూర్చుంటుంది. 100 మి.మీ. లైనులో 65 మి.మీ. కంట్రోల్ వాల్వు అని పటంలో స్పష్టంగా రాసి ఉన్నా, మోడల్‌లో అది 100 అయిపోయి రెండు రిడ్యూసర్లూ మాయమవుతాయి, ఏ హెచ్చరికా రాదు. కాబట్టి కంట్రోల్ వాల్వులకు, బ్యాలెన్సింగ్ వాల్వులకు సైజును టైప్ పారామీటరుగా (ఆ టైపు భాగాలన్నింటికీ ఒకే విలువగా) ఉంచండి. పైపు గీసేటప్పుడు ఏ ఫిట్టింగు రావాలో చెప్పే రౌటింగ్ ప్రిఫరెన్సెస్‌లో రిడ్యూసరు పేర్కొని ఉంటే రిడ్యూసర్లు వాటంతటవే వస్తాయి.

నాలుగవది ట్యాగు కోసం షేర్డ్ పారామీటరు. "పీఐడీ ట్యాగ్", "పీఐడీ షీట్", "లైన్ నంబర్" అనే మూడు ఇన్‌స్టెన్స్ పారామీటర్లను షేర్డ్ పారామీటర్ల ఫైలులో ఒక్కసారి మాత్రమే సృష్టించి, ప్రాజెక్టులో పైప్ యాక్సెసరీస్‌కూ, మెకానికల్ ఎక్విప్‌మెంట్‌కూ కలపండి. అదే పేరుతో మరొకరు మరో ఫైలులో సృష్టిస్తే పేరు ఒకటే అయినా లోపలి గుర్తింపు సంఖ్య వేరుగా ఉంటుంది, షెడ్యూలులో సగం గడులు ఖాళీగా కనిపిస్తాయి.

6. ఒక్క షీటుతో ప్రయోగం చేయండి

అన్ని షీట్లూ ఒకేసారి మొదలుపెట్టకండి. కనీసం ఒక పంపు, ఒక కంట్రోల్ వాల్వు, ఒక త్రీవే వాల్వు, కొన్ని ఇన్‌స్ట్రుమెంట్లు ఉన్న షీటును ఎంచుకుని చివరి తనిఖీ వరకు నడపండి. పట్టికలో గడులు సరిపోతాయా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

త్రీవే వాల్వు ఉన్న షీటునే ఎంచుకోమనడానికి కారణం ఉంది. పటంలో మూడు త్రిభుజాలు కనిపిస్తాయి గానీ, రెండు ప్రవాహాలు కలిసే మిక్సింగ్ వాల్వా, ఒకటి రెండుగా చీలే డైవర్టింగ్ వాల్వా అన్నది బాణాలే చెబుతాయి. ఫ్యామిలీలో మూడు కనెక్టర్లకు ఏ, బీ, ఏబీ అని పేర్లుంటాయి. ఏబీ అన్నది ఉమ్మడి పోర్టు. పటంలోని ఏ గొట్టం ఏ పోర్టుకు వెళ్ళాలో మ్యాపింగ్ పట్టికలోనే రాసుకోండి. మోడల్‌లో పోర్టులను తారుమారు చేసి కలిపినా అన్నీ కలిసినట్టే కనిపిస్తుంది.

7. భాగాలను పెట్టండి, పెట్టినప్పుడే ట్యాగు రాయండి

ఒక పైపు లైనును పూర్తిగా గీసి, పటంలో ఉన్న క్రమంలోనే భాగాలను పెట్టుకుంటూ వెళ్ళండి. ప్రతి భాగం పెట్టిన వెంటనే ప్రాపర్టీస్‌లో ట్యాగు నింపండి. "ముందు అన్నీ పెట్టేద్దాం, ట్యాగులు తర్వాత డైనమోతో (రెవిట్‌లో స్క్రిప్టులు నడిపే సాధనంతో) నింపేద్దాం" అన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ ఒకే గదిలో ఒకే సైజు బటర్‌ఫ్లై వాల్వులు పద్నాలుగు ఉన్నప్పుడు, వాటిలో వీ 1014 ఏదో ఏ స్క్రిప్టుకూ తెలియదు. పెట్టే క్షణంలో పెట్టేవారికి మాత్రమే తెలుస్తుంది. స్క్రిప్టు ట్యాగు రాసిన తర్వాతి పనులకు బాగా ఉపయోగపడుతుంది: ట్యాగును ఆధారంగా తీసుకుని ఎక్సెల్‌లోని లైను నంబరు, షీటు నంబరు, సాధారణ స్థితి వంటి వివరాలను భాగాల్లోకి నింపించండి.

హెచ్చరిక: 'ఏ' అనే పంపు చుట్టూ పైపింగ్ పూర్తిచేసి దాన్నే 'బీ' అనే పంపుకు కాపీ చేస్తే, 'ఏ' పంపు వాల్వుల ట్యాగులు కూడా కాపీ అవుతాయి. కాపీ చేయడంలో తప్పు లేదు; కాపీ చేసిన మరుక్షణం ఎంపిక ఇంకా ఉండగానే ట్యాగు గడిని ఖాళీ చేయండి. ఖాళీ గడిని తర్వాత పట్టుకోవడం సులువు, నకిలీ ట్యాగును నమ్మడం ఇంకా సులువు.

ప్రత్యామ్నాయం: ఆటోకాడ్ ప్లాంట్ 3డీ వాడేవారికి ప్రాజెక్ట్ సెటప్‌లో పీ అండ్ ఐడీ ఆబ్జెక్ట్ మ్యాపింగ్ అనే చోటు ఉంది. అక్కడ పటంలోని క్లాసును 3డీ క్లాసుకు జతపరిస్తే, లైన్ లిస్ట్ నుంచి భాగాన్ని నేరుగా పెట్టవచ్చు, తర్వాత వ్యాలిడేషన్‌తో పటానికీ మోడల్‌కూ తేడాలు చూడవచ్చు. పటం కూడా అదే ప్రాజెక్టులో తెలివైన గుర్తులతో గీసి ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఉత్త గీతలతో గీసిన పటానికి పైన చెప్పిన పట్టిక పద్ధతి తప్పదు.

8. ఫలితాన్ని మూడు విధాలుగా తనిఖీ చేయండి

ఒకటి, లెక్క. పైప్ యాక్సెసరీ షెడ్యూలును టైపు వారీగా కూర్చి, పటం నుంచి తీసిన జాబితాలోని సంఖ్యలతో పోల్చండి. స్కిడ్ లోపలి వాల్వులను ముందే తీసివేయడం మరవకండి.

రెండు, ట్యాగులు. షెడ్యూలును ట్యాగు ప్రకారం కూర్చి, ప్రతి ఇన్‌స్టెన్స్‌ను విడిగా చూపే ఎంపికను తీసివేసి, కౌంట్ గడిని కలపండి. కౌంట్ ఒకటి కన్నా ఎక్కువ ఉన్న ప్రతి వరుసా నకిలీ ట్యాగే. తర్వాత షెడ్యూలును ఎగుమతి చేసి ఎక్సెల్‌లో రెండు వైపులా పోల్చండి: పటంలో ఉండి మోడల్‌లో లేనివి ఒక జాబితా, మోడల్‌లో ఉండి పటంలో లేనివి మరో జాబితా. చాలామంది మొదటి దానితో ఆగిపోతారు. ట్యాగు చివర కనిపించని ఖాళీ, సున్నాకు బదులు ఓ అక్షరం ఉన్నవి రెండు జాబితాల్లోనూ జంటగా బయటపడతాయి కాబట్టి రెండవదీ చేయండి. కంటికి కనిపించేలా కావాలంటే, ట్యాగు విలువ లేని భాగాలకు ఎరుపు రంగు వచ్చేలా ఒక వ్యూ ఫిల్టరు పెట్టుకోండి.

మూడు, క్రమం. మొదటి రెండు తనిఖీల్లోనూ నూటికి నూరు మార్కులు వచ్చిన మోడల్ ఇక్కడ తప్పవచ్చు. పంపు డిశ్చార్జిలో పటం ప్రకారం పంపు, ఫ్లెక్సిబుల్ కనెక్టరు, చెక్ వాల్వు, ఐసొలేషన్ వాల్వు, ఆపైన హెడరు అనే వరుస ఉందనుకోండి. మోడల్‌లో చెక్ వాల్వు, ఐసొలేషన్ వాల్వు స్థానాలు తారుమారైనా లెక్క మారదు, ట్యాగులూ సరిపోతాయి. కానీ అలా కట్టిన లైనులో చెక్ వాల్వును విప్పాలంటే హెడరు నీరంతా ఖాళీ చేయాల్సి వస్తుంది. ఈ తప్పును షెడ్యూలు పట్టదు. ఒక తెర మీద పటం, మరో తెర మీద మోడల్ పెట్టుకుని లైను వెంట నడవడమే మార్గం. మోడల్‌లో ఒక పైపు మీద కర్సరు ఉంచి ట్యాబ్ కీ నొక్కుతూ పోతే దానికి కలిసి ఉన్నవన్నీ వెలుగుతాయి. ఎక్కడ వెలుగు ఆగిందో అక్కడ కలయిక తెగిందన్నమాట. కలవని చివరలను చూపే షో డిస్‌కనెక్ట్స్ కూడా ఆన్ చేసి ఉంచండి.

ఇదే నడకలో దిశను కూడా చూడండి. చెక్ వాల్వు, స్ట్రెయినరు, గ్లోబ్ వాల్వు, కంట్రోల్ వాల్వు, కొన్ని రకాల మీటర్లు ఒకవైపు ప్రవాహానికే తయారవుతాయి. ఫ్యామిలీలో బాణం గుర్తు లేకపోతే చిన్న బాణాన్ని మోడల్ గీతగా కలపండి; తనిఖీ సమయం సగానికి సగం తగ్గుతుంది.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

పంపు సక్షన్ దగ్గర పటంలో ఎక్సెంట్రిక్ (ఒక వైపు చదునుగా ఉండే) రిడ్యూసరు గీసి ఉంటుంది, రౌటింగ్ ప్రిఫరెన్సెస్ మాత్రం కాన్సెంట్రిక్ (అన్ని వైపులా సమానంగా సన్నబడే) రిడ్యూసరును వేసేస్తుంది. అడ్డంగా వచ్చే సక్షన్ పైపులో గాలి నిలవకుండా, చదునైన వైపు పైకి ఉండేలా పెట్టడం సాధారణ పద్ధతి. రిడ్యూసర్లకు ట్యాగు ఉండదు కాబట్టి ఇది ట్యాగు తనిఖీలో దొరకదు. పంపుల దగ్గర విడిగా చూడండి.

ఒకే భాగం రెండు షీట్లలో కనిపించడం ఇంకొకటి. ఒక షీటులో పంపు, మరో షీటులో అదే పంపు చుక్కల గీతతో ఉంటుంది. రెండవది సూచన మాత్రమే. డేటా ఎక్స్‌ట్రాక్షన్ రెండింటినీ లెక్కిస్తుంది.

డీఎన్ సైజును బయటి వ్యాసంగా తీసుకోవడం కూడా మామూలే. డీఎన్ 150 ఉక్కు పైపు బయటి వ్యాసం 168.3 మి.మీ., డీఎన్ 100కు 114.3 మి.మీ. ఫ్యామిలీ లుకప్ టేబుల్‌లో (సైజుల వారీ కొలతల పట్టికలో) నామినల్ వ్యాసం గడిలో బయటి వ్యాసం నింపి ఉంటే వాల్వు ఏ పైపుకూ సరిపోదు, అనవసరమైన రిడ్యూసర్లు పుట్టుకొస్తాయి.

ఐఎఫ్‌సీ ఎగుమతి చేయాల్సి ఉంటే ఆ గడిని చివరికి వదిలేయకండి. ఐఎఫ్‌సీ 4లో వాల్వులకు ఐఎఫ్‌సీ వాల్వ్ అనే క్లాసు ఉంది. దాని ప్రీడిఫైన్డ్ టైపులో ఐసొలేటింగ్, చెక్, రెగ్యులేటింగ్, మిక్సింగ్, డైవర్టింగ్, ప్రెజర్ రిలీఫ్ వంటి విలువలు ఇవ్వవచ్చు. వై స్ట్రెయినరు వాల్వు కాదు, అది ఐఎఫ్‌సీ ఫిల్టర్ క్లాసులో స్ట్రెయినర్ టైపు. ఐఎఫ్‌సీ 2x3 అడిగితే మాత్రం వాల్వు ఫ్లో కంట్రోలర్ అనే విస్తృత క్లాసుగా వెళుతుంది, వాల్వు రకం దాని టైపు ఆబ్జెక్టులో ఉంటుంది. ఎగుమతి చేసిన ఫైలును వేరే వ్యూయరులో తెరచి, ఒక వాల్వును నొక్కి, పీఐడీ ట్యాగు కనిపిస్తోందో లేదో చూడండి.

పటం రివిజన్ మారినప్పుడు

కొత్త రివిజన్ రాగానే రివిజన్ మేఘాలను (మారిన చోటు చుట్టూ గీసే మేఘం ఆకారాలను) మాత్రమే నమ్మకండి. మేఘం గీయడం మరచిన మార్పులు ఉంటాయి. మూడవ దశలోని జాబితాను మళ్ళీ తీసి, పాత జాబితాతో ట్యాగు ఆధారంగా పోల్చండి. కొత్తవి, తొలగినవి, టైపు గానీ సైజు గానీ లైను గానీ మారినవి అని మూడు భాగాలుగా విడదీసుకుంటే ఎవరు ఏం చేయాలో స్పష్టంగా ఉంటుంది.

టైపు మారిన వాల్వును తొలగించి కొత్తది పెట్టకండి. దాన్ని ఎంపిక చేసి టైప్ సెలెక్టరులో కొత్త ఫ్యామిలీకి మార్చండి. అప్పుడు ట్యాగు, లైను నంబరు వంటి ఇన్‌స్టెన్స్ విలువలు నిలిచి ఉంటాయి. తొలగించి పెడితే ఆ విలువలన్నీ పోతాయి, ఎలిమెంట్ ఐడీ మారుతుంది, భాగాలు ఒకదానితో ఒకటి ఢీకొనే చోట్లు చూపే పాత క్లాష్ నివేదికల్లోని ప్రస్తావనలు కూడా తెగిపోతాయి. ఫ్యామిలీ మార్చాక కొత్త వాల్వు పొడవు వేరైతే పక్క పైపులు సర్దుకున్నాయో లేదో చూసి, ఆ ఒక్క లైనుకు మాత్రం క్రమం, దిశ తనిఖీలు మళ్ళీ చేసి, మ్యాపింగ్ పట్టికలో రివిజన్ గడిని నింపండి.